మా బావ పెట్టెలూ, వాటి మధ్య గీతలూ

మా బావ ఎవరి మీదా గొంతు పెంచడు. లోకమంతా ఆయన మీద గొంతు పెంచుతుంది. అందుకే ఆయనకి జీతమిస్తారు. వాషింగ్ మిషన్లూ, నీళ్ల ఫిల్టర్లూ అమ్మి, పాడైతే బాగుచేసే కంపెనీలో సర్వీసు డెస్కు ఆయనది. పొద్దున్నే హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చున్నాడంటే, ఊళ్లో ఆగిపోయిన మిషన్ల తాలూకు కోపమంతా ఆయన కుడిచెవిలోకి వచ్చి పడుతుంది. ఎడమచెవి మా అక్కకోసం అట్టేపెట్టాడని నేనంటుంటాను.

"అదీ ఖాళీ లేదోయ్" అంటాడాయన.

నేనూ ఆ కంపెనీలోనే గోడౌను ఇన్‌చార్జిని. నన్ను చేర్పించింది బావే. ఇద్దరం ఒకే కంపెనీలో ఉన్నా, ఆయనది రోడ్డు వైపు ఆఫీసు, నాది వెనకవైపు రేకుల షెడ్డు కాబట్టి చుట్టరికం చెడకుండా నెట్టుకొస్తున్నాం. అలాంటి సమయంలో మేడమ్ బావని పిలిచింది.

మేడమ్ అంటే మా సర్వీసు మేనేజరు. మంచి మనిషే. కాకపోతే అంకె కనిపిస్తే ఊరుకోలేదు. బాగుచేసి వచ్చాక కస్టమరుకి ఒక యంత్రం ఫోన్ చేసి, "మా సేవకి ఐదుకి ఎన్ని మార్కులిస్తారు?" అని అడుగుతుంది. ఆ మార్కులు ఆ మధ్య ఒక నెలలో ధబాల్న పడిపోయాయి. మెకానిక్కులు మొహాలు ముడుచుకుని వెళ్తున్నారు కాబోలని, వాళ్లందరినీ అద్దం ముందు నిలబెట్టి నవ్వడం నేర్పించింది. గుబురుమీసాల మెకానిక్కు ఒకాయన నేర్చుకున్న నవ్వు నవ్వుతూ ఒక ఇంటి బెల్లు కొడితే, లోపలామె కంతలోంచి చూసి తలుపు తియ్యలేదు. అయినా మరుసటి నెలకి మార్కులు పెరిగాయి. మేడమ్‌కి తన వైద్యం మీద గురి కుదిరింది.

ఆ మేడమ్ బావతో అన్న మాటలివి:

"డెస్కు పని బయటి కంపెనీకి ఇచ్చేద్దామని పైవాళ్లు అంటున్నారండీ. ప్రతి కస్టమరు పూర్తి సంగతీ ఒకే తెర మీద చూపిస్తామని వాళ్లు చెబుతున్నారు. ఆ పని మీరు చెయ్యగలిగితే డెస్కు మీకే ఉంటుంది. లేదంటే కంగారేం లేదు, గోడౌన్లో మీకు చోటుంది."

గోడౌన్లో చోటంటే నా కింద!

ఇక బావ సెలవు కావాలంటే బావమరిది ముందుకొచ్చి నిలబడాలి. పోనీ నాకైనా సుఖమా? ఆయన ఆలస్యంగా వస్తే ఎందుకాలస్యమైందని నేనడగాలి. మీ అక్క కాఫీ ఆలస్యంగా ఇచ్చిందని ఆయనంటాడు. ఆ సంగతి రిజిస్టర్లో రాశాక నేను వాళ్లింట్లో కాఫీకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

అక్క ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావని నీ కింద వేసుకుంటున్నావటగా?"

"నేనేసుకోవడమేమిటక్కా, ఆయనేమైనా దుప్పటా?"

"నువ్వు ఆయన మీద ఒక్క కేక వేశావని తెలిసిందో, నా గడప తొక్కనివ్వను" అని పెట్టేసింది. ఇంకా ఆయన నా దగ్గరికి రానేలేదు, నాకు గడప పోయింది.

ఇంతకీ ఆ ఒకే తెర సంగతి చెప్పాలి. మా కంపెనీ సమాచారమంతా ఒకచోట ఉండదు. ఏ మిషను ఎవరికి అమ్మామో ఒక ఆన్‌లైన్ సర్వీసు దగ్గరుంటుంది. కంప్లయింట్లు ఇంకో సర్వీసులో ఉంటాయి. మార్కులడిగే యంత్రం మూడోవాళ్లది. ముగ్గురూ ఇంటర్నెట్‌లో ఎవరి కొట్లో వాళ్లు కూర్చుని, అడిగినవాడికి అడిగింది ఇస్తుంటారు. ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే సాఫ్ట్‌వేరు ఒకటి కంపెనీ ఎప్పుడో కొంది గాని, దాన్ని ఎవరూ తెరిచిన పాపాన పోలేదు. మేడమ్ దాని తాళం బావ చేతిలో పెట్టింది.

అందులో ప్రోగ్రాములు రాసే పని లేదు. తెర మీద పెట్టెలుంటాయి. ఒక్కో పెట్టె ఒక్కో సర్వీసు నుంచి సమాచారం పట్టుకొస్తుంది. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి గీత గీసి, దేన్ని బట్టి రెండూ కలవాలో చెబితే చాలు. కింద పట్టికలూ, బొమ్మలూ తయారవుతాయి. చిన్నప్పుడు బొమ్మరిళ్లు కట్టని మనిషి కాబోలు, బావకి అది పిచ్చిగా పట్టుకుంది.

ముందు ఇంట్లో సాధన చేశాడు. వాతావరణం చెప్పే సర్వీసు ఒక పెట్టె, మెసేజి పంపే సర్వీసు ఇంకో పెట్టె, మధ్యన గీత. వాన రాబోతుంటే అక్క ఫోన్ టింగుమంటుంది, మేడ మీద బట్టలు తీసుకురావాలి. మొదటిరోజు అక్క గోలగోలగా పరిగెత్తి, నీళ్లు కారుతున్న దుప్పట్లు భుజానేసుకుని కిందికి దిగింది. బయట ఎండ నెత్తి పేలుస్తోంది. ఎదురింటామె చూసి, "ఒంట్లో బాగానే ఉందా వదినా?" అని పలకరించింది.

"ఏవండీ, తలెత్తి చూస్తే తెలిసేదానికి ఫోన్ చూడ్డం దేనికండీ?"

"తలెత్తితే మన మేడ మీది ఆకాశమే కనిపిస్తుందే. ఇది అలా కాదు, చాలా పైనుంచి చూస్తుంది."

ఎంత పైనుంచి చూసిందంటే, మా ఊరి పేరే పెట్టుకున్న ఊరొకటి సముద్రాల అవతల ఉందట, అక్కడి వాన చెప్పింది. వరసలో ఆ ఊరే ముందుంటే బావ దాన్నే నొక్కాడు. "పాపం, ఆ ఊళ్లో ఎవరి బట్టలు తడిశాయో" అంది అక్క. ఆమెది జాలిగుండె.

ఆఫీసులో పని మొదలయ్యాక అసలు తలనొప్పి వచ్చింది. మూడు పెట్టెలూ దేన్ని బట్టి కలవాలి? పేరుతో కలుపుదామంటే ఒకే మనిషి అమ్మకంలో ఇంటిపేరుతోనూ, కంప్లయింట్లో ముద్దుపేరుతోనూ ఉన్నాడు. చిరునామాతో కలుపుదామంటే, ఒకచోట పాలబూత్ ఎదురుగా అనీ, ఇంకోచోట పాలబూత్ వెనక అనీ ఉంది. ఇల్లు ఎక్కడున్నట్టు? పాలబూత్‌లోనా?

ఒకరోజు భోజనాల వేళ నా షెడ్డులోకి వచ్చి, అట్టపెట్టె మీద కూర్చుని, విజయం సాధించినవాడిలా చెప్పాడు. "దొరికిందోయ్. మనిషి ఇల్లు మారతాడు, సంతకం మారుస్తాడు. ఫోన్ నంబరు మాత్రం మార్చడు. మూడింట్లోనూ అదుంది. దాంతో గీసేశాను గీత!"

"భలే, బావగారూ" అన్నాను. నాకేం తెలుసు? ఆయన నా షెడ్డులోకి ఉద్యోగానికి రాకుండా, భోజనానికి మాత్రమే వస్తే చాలునని నా మొక్కు.

మేడమ్‌కి చూపించే రోజు నేనూ వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. బావ మీట నొక్కాడు. తెరనిండా పచ్చటి చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కస్టమరు. ఎక్కువ మిషన్లు కొన్నవాడికి చుక్క పెద్దది. ఆ చుక్కల్లో ఒకటి మాత్రం అన్నం తినే కంచమంత ఉంది.

"ఇదేమిటండీ?" అని మేడమ్ కుర్చీ ముందుకి జరిపింది.

"మన పెద్ద కస్టమరు, మేడమ్" అన్నాడు బావ. కంచం మీద నొక్కితే పేరొచ్చింది, వీధి వచ్చింది, కింద వాషింగ్ మిషన్లూ ఫిల్టర్లూ పెళ్లివారిలా వరసకట్టి వచ్చాయి. వాటన్నిటికీ ఒక్కడే యజమాని.

"ఇన్ని వాషింగ్ మిషన్లతో ఒక్క మనిషి ఏం చేస్తాడండీ?"

"హాస్టలేమో" అన్నారొకరు. "లాండ్రీయేమో" అన్నారింకొకరు. "శుభ్రం ఎక్కువేమో" అన్నాన్నేను. అందరూ నావైపు తిరిగి చూశారు. మళ్లీ నోరెత్తలేదు.

మేడమ్ కళ్లు మార్కుల దగ్గర ఆగాయి. "చూశారా! యంత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ ఈయన చివరిదాకా విని మార్కులిచ్చాడు. మిగతా కస్టమర్లెవరూ సగం కూడా వినరు. ఇలాంటి కస్టమరు ఉన్నాడని కూడా మనకి తెలియదు!" అని బావ వైపు తిరిగింది. "ఈయన్ని పట్టుకున్నందుకే మీ డెస్కు మీకుండాలి. పదండి, స్వయంగా వెళ్లి గౌరవిద్దాం."

బావ ఏదో అనబోయాడు. "ఒకసారి ఫోన్ చేసి…"

"చెప్పి వెళ్తే ఆశ్చర్యమేముంటుందండీ?" అంది మేడమ్.

మర్నాడు నా గోడౌను వ్యానులో బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, మేడమ్ పక్కన పూలగుత్తితో, వెనక బావ, ఆఫీసు పత్రికకి ఫొటోలు తీసే ఆయన. బావ ఒళ్లో అద్దం బిగించిన ప్రశంసాపత్రం ఉంది. దాని మీద ఆ పెద్దమనిషి పేరు బంగారురంగు అక్షరాల్లో వేయించారు. వ్యాను అద్దంలో చూస్తే బావ మొహం పత్రం కంటే తెల్లగా ఉంది.

"ఏం బావగారూ?"

"ఏంలేదోయ్. ఒక మనిషి, అన్ని మిషన్లు… నువ్వు పోనియ్."

ఆ వీధిలో ఉన్నది హాస్టలూ కాదు, లాండ్రీ కాదు. మామూలు ఫ్లాట్లు. ప్రతి బాల్కనీలోనూ బట్టలారుతున్నాయి. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్ ఒకాయన, మొలకి తాళంచెవుల గుత్తి వేలాడుతుండగా కూర్చుని ఉన్నాడు. మేడమ్ పత్రం మీది పేరు చదివి, ఆయన ఇల్లెక్కడని అడిగింది.

"ఆయనా? ఖాళీ చేసి వెళ్లిపోయి చాలాకాలమైందమ్మా. ఏం, బాకీనా?"

మేడమ్ బావని చూసింది. బావ గొంతు సర్దుకుని, "ఉండండి మేడమ్, ఆయన నంబరు ఉందిగా" అని ఫోన్ తీసి కలిపాడు.

వాచ్‌మన్ చొక్కా జేబులో ఫోన్ మోగింది.

ఆయన మాకు ఎదురుగానే నిలబడి, ఫోన్ తీసి, "హలో" కూడా అనకుండా తెర మీద ఒకచోట ఠక్కున నొక్కాడు. "ఐదు నొక్కేశాను. ఇక పెట్టెయ్యండి" అన్నాడు ఫోన్లోకి. ఆ మాట బావకి ఒక చెవిలో ఫోన్లోంచీ, ఇంకో చెవిలో ఎదురుగానూ వినపడింది.

మేడమ్ పూలగుత్తి కిందికి దించింది. ఫొటోలాయన మాత్రం తన పని తాను చేసుకుపోతున్నాడు.

"ఈ నంబరు మీదా?" అంది మేడమ్ నీరసంగా.

"నాదేనమ్మా. ఈ బిల్డింగులో అందరూ మిషన్లకి నా నంబరే ఇస్తారు. పగలు ఇంట్లో ఉండేదెవరు? మీ మెకానిక్కొస్తే తలుపు తీసేది నేనే, కూడా నిలబడేదీ నేనే. అది సరే, ఆ మార్కులడిగే ఆడగొంతు ఎవరమ్మా? తిట్టినా వినదు, బతిమాలినా వినదు. మధ్యలో పెట్టేస్తే మళ్లీ చేస్తుంది. చివరిదాకా విని ఒక అంకె నొక్కితేనే వదుల్తుంది."

"మరి… మార్కులు పడిపోయిన ఆ నెలలో అన్నీ ఒకట్లే ఇచ్చారు కదా?" మేడమ్ గొంతులో ఇంకా చిన్న ఆశ ఉంది. "మావాళ్లు అప్పుడు సరిగ్గా మాట్లాడలేదా?"

వాచ్‌మన్ ఆలోచించి, దవడ పట్టుకున్నాడు. "ఓ, అదా! పంటినొప్పమ్మా. పన్ను పీకించుకునేదాకా ఆకాశమంతా నల్లగా కనపడింది. అడిగినవాళ్లందరికీ ఒకటే నొక్కాను. మీకే కాదు, గ్యాసువాళ్లక్కూడా."

అద్దం ముందు నిలబెట్టి నవ్వించిన మెకానిక్కులు నా కళ్లముందు కదిలారు. నవ్వొస్తే ఉద్యోగం పోతుందని వ్యాను టైరులో గాలి చూస్తున్నట్టు వంగిపోయాను. వంగినవాణ్ణి అలాగే బావ పక్కకి జరిగి చెవిలో అన్నాను:

"బావగారూ, అసలు కస్టమరు వేరే ఉన్నాడు, ఊళ్లో లేడని చెప్పేయండి. మేడమ్ నమ్ముతుంది. ఆమెకీ నమ్మాలనే ఉంది. డెస్కు ఇస్తానని నోటితో అంది కూడా."

బావ నన్ను చూశాడు. చాలాకాలం ఇతరుల కోపం వినీ వినీ అలవాటైన మొహం అది.

"ఆ కంచమంత చుక్కని రోజూ చూస్తూ కూర్చోవద్దూ నేను?" అన్నాడు మెల్లగా. తర్వాత మేడమ్ వైపు తిరిగాడు.

"మేడమ్, పెద్ద కస్టమరు ఎవరూ లేరు. తప్పు గీత గీశాను. నంబరు ఒకటైతే మనిషి ఒకడే అనుకున్నాను. దాని మీద మొదట కొన్నాయన పేరే అందరికీ పడింది. ఆ తెర మీదున్న పెద్ద చుక్కలన్నీ ఇలాంటివే అయ్యుంటాయి."

మేడమ్ ఏదో అనేలోపు మెట్ల మీంచి ఒకావిడ బకెట్టుతో దిగింది. బకెట్లో పిండని బట్టలు. మా వ్యాను మీది కంపెనీ పేరు చదివి, బకెట్టు నేలకేసి కొట్టినట్టు పెట్టింది.

"మీరేనా? మిషన్లో బట్టలు నానబెట్టుకుని కూర్చుంటే పూలు పట్టుకుని తిరుగుతున్నారా?"

"మీ కంప్లయింటు ఎప్పుడిచ్చారండీ?" అంటూ బావ జేబులోంచి కలం తీశాడు. ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టుంది. తిట్టే కస్టమరు ముందుంటే ఆయన ఎంత స్థిమితంగా ఉంటాడో అప్పుడే చూశాను.

"మీ నంబరివ్వకుండా వాచ్‌మన్‌ది ఎందుకిచ్చారమ్మా?" అని అడిగింది మేడమ్.

"నాదిస్తే ఆ ఆడగొంతు నా ప్రాణం తియ్యదూ?"

వాచ్‌మన్ అంగీకారంగా తలూపాడు. "ఇంతకీ ఆ పూలెవరికమ్మా?"

మేడమ్ చేతిలోని గుత్తిని కొత్తగా చూసినట్టు చూసింది. "మీకేనండీ" అని ఇచ్చేసింది. ప్రశంసాపత్రం కూడా ఆయనే అడిగి తీసుకున్నాడు. ఖాళీ చేసినాయన పేరున్నా ఫరవాలేదట, అద్దం బాగుందట, కాగితం తీసేసి పిల్లల ఫొటో పెట్టుకుంటాడట.

తిరుగు ప్రయాణంలో మేడమ్ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను మనసులో నా షెడ్డులో బావకి ఏ మూల బల్ల వెయ్యాలా అని లెక్కలేసుకుంటున్నాను. ఎదురెదురుగా వద్దు. వీపులు ఆనుకునేలా అయితే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది.

"ఆ బయటి కంపెనీవాళ్లు మూడు సర్వీసులూ దేంతో కలిపేవాళ్లండీ?" అంది మేడమ్ హఠాత్తుగా.

"ఫోన్ నంబరుతోనే, మేడమ్. కలపడానికి ఇంకోటి లేదు" అన్నాడు బావ.

"వాళ్ల తెర మీదా ఈ చుక్కే వచ్చేదన్నమాట."

"వచ్చేది. ఇంకా అందంగా వచ్చేది."

"తప్పని చెప్పేవాళ్లా?"

బావ ఎవరి గురించీ చెడు చెప్పడు. "వాళ్లు ఇంత దూరం వ్యానులో వచ్చేవాళ్లు కాదు లెండి" అన్నాడు.

మేడమ్ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని వేగం తగ్గించాను. నవ్వుతోంది. "అద్దం ముందు నిలబెట్టానండీ వాళ్లని! పళ్లు కనిపించేలా నవ్వమన్నాను! అక్కడ ఆయన పన్ను పీకించుకుంటున్నాడు!" అని పమిటతో కళ్లు తుడుచుకుంది. ఆఫీసు గేటు దగ్గర దిగుతూ తేల్చేసింది.

"డెస్కు మీ దగ్గరే ఉంటుంది. పైవాళ్లకి నేను చెబుతాను. ఒకటే షరతు. పెద్ద చుక్క కనిపించిన ప్రతి నంబరుకీ ముందు మీరు ఫోన్ చెయ్యాలి. ఎత్తింది ఎవరో, ఎవరెవరి కోసం ఎత్తుతున్నారో తెలుసుకుని, తలుపు తీసేవాళ్లని వేరే పెట్టెలో పెట్టండి. మిషను సొంతదారుణ్ణి వేరే పెట్టెలో పెట్టండి. ఆ తర్వాతే నాకు చూపించండి."

బావ అక్కడే, గేటు మధ్యలోనే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమే, నేను వాడి కిందికి వెళ్లడం లేదు" అన్నాడు. అక్క అవతల ఏమందో గాని, ఈయన నావైపు చూసి, "లేదులే, కేకలేం వెయ్యలేదు" అన్నాడు.

మర్నాటి నుంచీ బావ ఫోన్లు మొదలుపెట్టాడు. కింద దుకాణం దర్జీ ఎత్తాడు, ఒక స్కూలు ఆయా ఎత్తింది, మేనల్లుళ్లందరికీ ఒకే నంబరు ఇచ్చుకున్న పెద్దమ్మ ఒకావిడ ఎత్తి, పెళ్లి సంబంధమనుకుని ఆయన జీతమెంతని అడిగిందట. ఒక మధ్యాహ్నం నేను సరుకు దింపిస్తుంటే నా ఫోన్ మోగింది. ఆఫీసు లైను.

"నమస్కారమండీ, సర్వీసు డెస్కు నుంచి మాట్లాడుతున్నాను. ఈ నంబరు మీద చాలా మిషన్లు నమోదై ఉన్నాయి. తమరెవరో తెలుసుకోవచ్చా?"

"బావగారూ, నేను!"

అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"మీ చిన్నాన్న మిషను, మీ అత్తగారి ఫిల్టరు, మీ పక్కింటాయనది, మీ పెళ్లి ఫొటోలు తీసినాయనది… అందరూ నీ నంబరే ఇచ్చారోయ్. గోడౌన్లో మనవాడున్నాడు, తొందరగా వస్తుందని కాబోలు. పెద్ద చుక్కవే నువ్వు."

"మొట్టమొదట ఇచ్చిందెవరు బావగారూ? వాళ్లని పట్టుకుందాం" అన్నాను కోపంగా.

బావ గొంతు తగ్గించాడు.

"మీ అక్కదే ముందుంది. రాసిచ్చింది నేనే. ఇంతకీ నిన్ను ఏ పెట్టెలో పెట్టమంటావ్?"